నాలుగు మూలల పసుపు

రక్తం ఆరబెట్టడంలో తనను మించినవాళ్ళు విజయనగరం మొత్తమ్మీద లేరని కన్యాకుమారికి గట్టి నమ్మకం. కొత్తవాళ్ళు ఆ మాట వింటే హడలిపోతారు గాని, గంటస్తంభం వెనక వీధిలో అందరికీ అది తెలిసిన సంగతే. ఒకావిడ వడియాలకు పెట్టింది పేరు, ఇంకొకావిడ ఊరగాయలకు. కన్యాకుమారి మనవరాలి రక్తపు చుక్కలకు.

మనవరాలు హైమకు ఏడేళ్ళు. చురుకైన పిల్ల. నోరు మహా గట్టిది, అందులో అచ్చం మామ్మ పోలికే. అయితే పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. పప్పులోనూ పాలలోనూ మాంసకృత్తులుంటాయి కదా, వాటిలోని ఒక ముక్కను ఆ పిల్ల ఒళ్ళు అరిగించుకోలేదు. అరగనిది రక్తంలో పేరుకుంటుంది, పేరుకుంటే మెదడు దెబ్బతింటుంది. వేలమందిలో ఏ ఒక్కరికో వచ్చే ఈ జబ్బుకు ఇంగ్లీషులో బారెడు పేరుంది. దాన్ని పలకబోయి రెండుసార్లు నాలుక కరుచుకున్నాక కన్యాకుమారి దానికి 'హైమ పథ్యం' అని పేరు పెట్టేసింది. పుట్టిన మూడో రోజునే మడమ మీద గుచ్చి పరీక్ష చేయించబట్టి బయటపడింది గాని, లేకపోతే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడా ఆ ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. పథ్యం తప్పకపోతే అందరు పిల్లల్లాగే పెరుగుతుందని డాక్టరు చెప్పాడు. పెరుగుతోంది కూడా. క్లాసులో ఎక్కాలు అందరికంటే ముందు ఆ పిల్లకే వచ్చాయి.

దేవుడి వేళాకోళం కాకపోతే, పప్పు తినకూడని పిల్ల పప్పుల కొట్టువాళ్ళింట్లో పుట్టడమేమిటండీ! తాత నగరేశ్వరరావుది కందిపప్పు, మినప్పప్పు, శనగపప్పుల వ్యాపారం. కొట్లో బస్తాలు తూచే పెద్ద కాటా ఉంటే, వంటింట్లో హైమ అన్నం తూచే చిన్న కాటా ఉంది. పూటకు అరవై గ్రాముల అన్నం, ఒక్క మెతుకు ఎక్కువ లేదు. పక్కన బీరకాయో ఆనపకాయో కూర. సాయంత్రం వేరుశనగ గుళ్ళు లేని సగ్గుబియ్యం ఉప్మా. ఇవి కాక మూడుపూటలా ముక్కు మూసుకుని తాగాల్సిన మందుపొడి. ఆ అరవై గ్రాములూ అవగానే హైమ కళ్ళు గిన్నె వైపు తిరిగేవి. "అంతే. అన్నం అయిపోనాది. కూర తిని నీళ్ళు తాగు" అని కన్యాకుమారి గిన్నె వెనక్కి లాగేసేది. ఏడేళ్ళుగా అదే మాట. మొదట్లో ఆ మాట అన్నాక వంటింట్లోకి పోయి కొంగుతో కళ్ళు తుడుచుకునేది. తరవాత తరవాత అలవాటైపోయింది.

రెండు వారాలకొకసారి రక్తం పంపాలి. దానికొక కార్డుంటుంది. సిరా పీల్చే అద్దుడు కాగితం లాంటి మందపాటి కాగితం, దాని మీద అచ్చువేసిన నాలుగు గుండ్రాలు. ల్యాబ్ నుంచి పద్మకుమారి అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చి, హైమ వేలు గుచ్చి, గుండ్రానికొక చుక్క చొప్పున నింపి వెళుతుంది. ఆ కార్డు నాలుగు గంటలు నీడపట్టున ఆరాలి. ఎవరూ ముట్టుకోకూడదు, తడి తగలకూడదు, ఈగ వాలకూడదు. ఆరాక కవర్లో పెట్టి కొరియర్లో హైదరాబాదులోని పెద్ద ల్యాబ్‌కి పంపుతారు. ఆరబెట్టే పని మొదటినుంచీ కన్యాకుమారిదే. దేవుడి గది గుమ్మం పక్క అరుగు మీద కార్డు పెట్టి, పైన పెరుగు గిన్నె మీద కప్పే వల మూత బోర్లించి, పక్కనే పీట వేసుకుని కూర్చునేది. ఆ నాలుగు గంటలూ నగరేశ్వరరావు కాఫీ అడిగినా కసిరేది. ఇన్నేళ్ళలో ఆమె ఆరబెట్టిన కార్డు ఒక్కటంటే ఒక్కటి వెనక్కి రాలేదు.

అలాంటి మనిషి చేతిలోనే ఒకసారి పొరపాటు జరిగింది.

కోడలు తులసికి రెండో కాన్పయింది. మళ్ళీ ఆడపిల్ల, మూడు కిలోలు, గుండ్రటి మొహం. తులసి పరాయిపిల్ల కాదు, నౌపడలో ఉండే కన్యాకుమారి సొంత అన్న కూతురు. కొడుకు వెంకటసాయికి మేనరికం చేసుకోవాలని పట్టుబట్టి, మూడు నెలలు అన్నతో మాట్లాడడం మానేసి మరీ సాధించింది కన్యాకుమారే. హైమ పుట్టినప్పుడు డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. ఈ లోపం తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి కలిస్తేనే వస్తుందట. దగ్గర చుట్టరికంలో కలిసే అవకాశం ఎక్కువట. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు భయం ఉంటుందట. డాక్టరు ఎవర్నీ తప్పు పట్టలేదు. తులసి పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే కన్యాకుమారికి కష్టంగా ఉండేది. అందుకని ఈ పాపకు ఆ లోపం రాకూడదని తొమ్మిది నెలలూ ఆమె మొక్కని దేవుడు లేడు.

మూడో రోజు పొద్దున్నే పద్మకుమారి వచ్చింది. పాప మడమకు వెచ్చటి గుడ్డతో కాపడం పెట్టి, తుడిచి, చిటుక్కున గుచ్చింది. పాప కెవ్వుమంది, తులసి మొహం తిప్పుకుంది. నాలుగు గుండ్రాలూ నిండాయి.

"రిజల్టు వచ్చేదాకా తల్లిపాలు ఇవ్వొచ్చని డాక్టరుగారు సెప్పారు. తేడా ఉన్నాదని తేలితే మాత్రం ఆ రోజే పాలు తగ్గించి పొడి మొదలెట్టాల. అందుకే తొందర" అంది పద్మకుమారి. తరవాత కార్డు కన్యాకుమారి చేతికిస్తూ నవ్వింది. "మీకు నేను సెప్పాలేటి పిన్నిగారూ! మీరే మాకు నేర్పుతారు."

కన్యాకుమారి పొంగిపోయింది. కార్డు అరుగు మీద పెట్టి, మూత బోర్లించి, పీట వేసుకుంది. కాసేపటికి హైమ వచ్చి పక్కన చతికిలబడింది. చేతిలో పసిపిల్లప్పుడు తను తిన్న చిన్న స్టీలు గిన్నె ఉంది. అడుగున 'హైమ' అని పేరు చెక్కించిన గిన్నె.

"ఇదేటే, ఇప్పుడెందుకు తీసినావు?"

"పాపకి. అది నాతో తింతాది కదా." హైమ వల మూతలోంచి ఆ నాలుగు ఎర్రటి చుక్కల వైపు చూసింది. "మామ్మా, పాపకి కూడా నాలాగే వస్తాదా?"

"నోర్ముయ్యి! అలాటి మాటలు అనకూడదు. రాకూడదని దణ్ణం పెట్టుకో."

హైమ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టింది. ఏమని పెట్టిందో అడక్కుండా కన్యాకుమారి కూడా పక్కనే చేతులు జోడించింది.

ఇక్కడే వచ్చింది తంటా. ఆ ఇంట్లో మొదటి కాగితం ఏదైనా నాలుగు మూలలా పసుపు పెట్టకుండా గడప దాటదు. శుభలేఖైనా, కొత్త చిట్టా పుస్తకమైనా, వెంకటసాయి ఇంజనీరింగు దరఖాస్తైనా అంతే. అత్తగారి నాటి పద్ధతి. హైమ కార్డులకు ఎప్పుడూ పెట్టలేదు, అవి జబ్బు కాగితాలని. ఇది అలా కాదే! పసిపిల్ల పేరు మీద ఇంట్లోంచి మొట్టమొదట బయటికి పోతున్న కాగితం. శుభం పలకాల్సిన కాగితం. వట్టి మొహంతో పంపిస్తే అరిష్టం కాదూ? నాలుగు గంటలూ అయ్యాయి, చుక్కలు నల్లబడి ఎండాయి. కన్యాకుమారి అటూ ఇటూ చూసింది. దేవుడి గదిలో పసుపు గిన్నె తడితడిగానే ఉంది. చుక్కలకు దూరంగా, అంచులకు ఆనించి, నాలుగు మూలలా నాలుగు బొట్లు పెట్టింది.

అద్దుడు కాగితం ఊరుకుంటుందా? తడి పసుపును గటగటా తాగేసింది. చూస్తుండగానే పసుపు లోపలికి పాకి గుండ్రాల అంచులు ముట్టుకుంది. కన్యాకుమారి కొంగుతో అద్దింది. పోలేదు. 'పసుపే కదా, విషమేం కాదు కదా' అనుకుంది. కొరియర్‌కి పట్టుకెళ్ళడానికి వెంకటసాయి బయట హారన్ కొడుతున్నాడు. గబగబా కవర్లో పెట్టి అంటించి ఇచ్చేసింది.

ఆ తరవాతి రోజుల్లో తులసి పాపకు పాలిస్తున్నప్పుడల్లా కన్యాకుమారి తలుపు దగ్గర నిలబడి చూసేది. చప్పరించే శబ్దం వినిపిస్తుంటే తృప్తిగానూ ఉండేది, భయంగానూ ఉండేది. తులసి అయితే నోటితో ఏమీ అనకుండా, ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది.

పాప పుట్టిన ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఫోను కాదు, పద్మకుమారే వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. భోజనానికొచ్చిన నగరేశ్వరరావు చెయ్యి కడుక్కుంటున్నవాడల్లా ఆగిపోయాడు.

"బాబుగారూ, కార్డు పనికిరాదన్నారు. రక్తం మీద పసుపురంగు మరక ఉన్నాదంట. టెస్టు సెయ్యలేదు. మళ్ళీ తియ్యాల."

"సెయ్యలేదా! అయిదు రోజులు పోనాయి, ఇప్పుడా సెప్పడం?" నగరేశ్వరరావుకు కోపం వస్తే బస్తాలు దింపినంత చప్పుడవుతుంది. "నీ సేతులకేటైనా ఉన్నాదేటి? పులిహోర తిని వచ్చినావా? మందు గిందు పూసినావా?"

"గ్లౌజులు ఏసుకున్నాను బాబూ. మందేదీ పుయ్యలేదు." పద్మకుమారి రెండు చేతులూ చాపి చూపించింది. "ఏమో మరి, సంచీలో ఏటైనా తగిలిందేమో. నా తప్పే అయ్యుండొచ్చు. మీ ఇంట్లో ఎప్పుడూ ఇలా అవలేదు. పిన్నిగారు ఆరబెడితే మరక రాదు కదా."

కన్యాకుమారి స్తంభం పట్టుకుని నిలబడింది. సిగ్గుతో చచ్చిపోతోంది గాని నోరు పెగలడం లేదు. వీధి వీధంతా గొప్పలు చెప్పుకున్న మనిషి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? ఎచ్చెర్లలో చదువుకుని, తన జీతంతో వాళ్ళింటిల్లిపాదినీ పోషిస్తున్న పద్మకుమారి, తన తప్పు నెత్తిన వేసుకుని ఎదురుగా నిలబడి ఉంది. అది చూస్తూ కూడా కన్యాకుమారి ఊరుకుంది.

అంతలో పెరటి వసారాలోంచి ఏడుపు వినిపించింది. వెళ్ళి చూస్తే హైమ, గోనెల వెనక మోకాళ్ళలో తల పెట్టుకుని ఎక్కిళ్ళు పెడుతోంది.

"నీకేటైనాదే గుంటా?"

"నా వల్లే పాడైపోనాది మామ్మా. నువ్వు రాకూడదని దణ్ణం పెట్టమన్నావు. నేను... నేను పాపకి కూడా నాలాగే రావాలని పెట్టినాను. తోడుంటాదని. అందుకే దేవుడికి కోపమొచ్చి కార్డు పాడుసేసినాడు. పాపకి ఏటైనా అయిపోతే?"

కన్యాకుమారి పిల్లను రెక్క పుచ్చుకుని లేవదీసింది. లేవదీసి, నడవలోకి ఈడ్చుకొచ్చినట్టే తీసుకొచ్చి, అందరి మధ్యా నిలబడి అరిచింది. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా అరిచి ఒప్పుకోవడం ఆమె తత్వం.

"ఎవుల్నీ ఏటీ అనకండి! పసుపు నేను పెట్టినాను. నేనే! నాలుగు మూలలా పెట్టినాను. పాకిపోనాది, అది కూడా కళ్ళారా సూసినాను, సూసి కూడా కవర్లో పెట్టీసినాను. ఈ పిల్ల తప్పు కాదు, ఆ పిల్ల తప్పు కాదు, దేవుడి తప్పు అంతకన్నా కాదు. నా పైత్యం!"

పద్మకుమారి గోడకు ఆనుకుని, బరువు దిగినట్టు గట్టిగా ఊపిరి వదిలింది.

గదిలోంచి తులసి పాపను ఎత్తుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "అత్తా, ఈ ఎనిమిది రోజులూ పాలిచ్చినప్పుడల్లా దీనికి నేను విషం పోస్తన్నానేమోనని బయపడతా ఇచ్చినాను. ఇప్పుడింకా నాలుగు రోజులు అలాగే ఇవ్వాల" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని కన్యాకుమారికి అనిపించింది.

"ఇయ్యి తల్లీ. నువ్వు పాలిచ్చినప్పుడల్లా నేను నీ పక్కనే కూచుంతాను. నన్ను తిట్టుకుంటా ఇయ్యి."

తులసి కళ్ళ నీళ్ళతోనే నవ్వింది. "తిట్టుకోడానికి ఇంకెవులైనా ఉంటే బాగుణ్ణు. నువ్వు మేనత్తవి కూడానూ" అంది.

ఆ పూటే మళ్ళీ గుచ్చారు. ఈసారి పద్మకుమారి కదల్లేదు, ఆరేదాకా అక్కడే కూర్చుంది. పసుపు గిన్నెను నగరేశ్వరరావు స్వయంగా పట్టుకెళ్ళి కొట్లో, కందిపప్పు బస్తాల మీద అందనంత ఎత్తున పెట్టి వచ్చాడు. కన్యాకుమారిని అరుగుకు అయిదడుగుల దూరంలో కూర్చోబెట్టారు. కాపలా ఎవరనుకున్నారు? హైమ. కన్యాకుమారి చెయ్యి కాస్త కదిలినా "మామ్మా, సెయ్యి!" అని కేక. నాలుగు గంటలూ ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో కట్టుకుని, బడిలో శిక్షపడ్డ పిల్లలా కూర్చుంది. అయినా నోరు ఊరుకోలేదు. "ఫ్యాను తగ్గించండి, అంత గాలి కూడదు" అని అక్కడినుంచే అజమాయిషీ చేసింది. పద్మకుమారి పకపకా నవ్వేసింది.

అన్న మాట ప్రకారం కన్యాకుమారి నాలుగు రోజులూ తులసి పక్కనే కూర్చుంది. రెండో రోజు పాలిస్తూ పాలిస్తూనే తులసి అత్త భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. కన్యాకుమారి తిమ్మిరెక్కినా భుజం కదపలేదు. మేనరికం సంగతి ఆ రోజు తనంతట తానే ఎత్తింది, నిద్రపోతున్న మనిషితో. "నేనే పట్టుబట్టినాను తల్లీ" అంది. తులసి కళ్ళు తెరవకుండానే, "నాకు బావంటే ఇష్టమై సేసుకున్నాను, నీకోసం కాదులే" అంది.

పన్నెండో రోజు పదకొండు గంటలకు ఫోను మోగింది. తులసి కంగారులో దాన్ని కింద పడేసింది. కన్యాకుమారి అందుకుంది.

"పిన్నిగారూ! లేదు! పాపకి లేదు. అంతా మామూలుగానే ఉన్నాదంట. రిపోర్టు పంపించాను సూడండి!" పద్మకుమారి అవతల దాదాపు అరుస్తోంది.

"తల్లీ పైడితల్లీ!" అని కన్యాకుమారి ఉన్నచోటే కూలబడింది. ఏడ్చింది, నవ్వింది, ముక్కు చీదింది, పద్మకుమారిని దీవించింది, మళ్ళీ ఏడ్చింది. తులసి పాపను గుండెలకు అదుముకుని కడుపునిండా పాలిచ్చింది, పన్నెండు రోజుల్లో మొదటిసారి భయం లేకుండా. నగరేశ్వరరావు కొట్టు కట్టేసి మిఠాయి పొట్లాలతో వచ్చాడు. వెంకటసాయి పాప మడమ ముద్దుపెట్టుకున్నాడు. ఇల్లంతా సందడే సందడి.

ఆ సందడిలో హైమ కూడా నవ్వింది, గెంతింది. తరవాత ఎవరూ చూడకుండా వంటింట్లోకి వెళ్ళింది. కన్యాకుమారి చూసింది, వెనకే వెళ్ళింది. హైమ స్టూలెక్కి, పేరు చెక్కిన ఆ చిన్న గిన్నెను పై అరలో, పాత సామాన్ల వెనక్కి తోసేస్తోంది.

"ఎందుకే పైన పెట్టీసినావు?"

"పాపకి అక్కర్లేదు కదా మామ్మా. అది మీతో తింతాది." ఏడవలేదు. లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

కన్యాకుమారికి ఇంతసేపూ ఉన్న ఆనందం ఎక్కడికీ పోలేదు గాని, దాని పక్కనే ఇంకేదో వచ్చి కూర్చుంది. ఏడేళ్ళు పిల్లకు తూచి పెట్టింది. ఎదురుగా కూర్చుని, ముద్దపప్పు కలుపుకుని తను తింది. ఒక్క పూటైనా పిల్ల తినేది తను తినలేదు.

"దింపే ఆ గిన్నె. నాకియ్యి."

"నీకా?"

"నాకే. మజ్జానం పూట నీతో నేను తింతాను. రోజూ."

హైమ అనుమానంగా చూసింది. "పప్పు ఏసుకోకూడదు మరి."

"ఏసుకోను."

"పెరుగు?"

కన్యాకుమారి గుటక వేసింది. గడ్డ పెరుగు లేకపోతే ఆవిడకు అన్నం తిన్నట్టే ఉండదు. "పెరుగూ ఏసుకోను."

హైమ స్టూలు దిగి, గిన్నె కడిగి, కాటా మీద పెట్టి, సున్నా చేసింది. గరిటెతో కొంచెం కొంచెంగా అన్నం వేసింది. అరవై రెండు చూపిస్తే చిటికెడు అన్నం, మరో నాలుగు మెతుకులు తీసి అరవై చేసింది. బీరకాయ కూర పక్కన పెట్టింది. తనకూ అంతే తూచుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. నడవలో మిఠాయిల పొట్లాలు విప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది.

నాలుగు ముద్దలు. అంతే, గిన్నె ఖాళీ. నాలుక మీద రుచి అప్పుడప్పుడే తెలుస్తోంది, ఆకలి అప్పుడే లేస్తోంది. కన్యాకుమారి చెయ్యి, ఆవిడను అడక్కుండానే, అన్నం గిన్నె వైపు వెళ్ళింది.

హైమ గిన్నె వెనక్కి లాగేసింది.

"అంతే మామ్మా. అన్నం అయిపోనాది. కూర తిని నీళ్ళు తాగు."

అందులో కోపం లేదు, దెప్పడం లేదు. విన్న మాటను విన్నట్టే, అదే గొంతుతో, అంతే మెత్తగా చెప్పింది. కన్యాకుమారి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. కూర తింది. నీళ్ళు తాగింది.

"ఇంకా ఆకలేస్తన్నాదా?" అని హైమ అడిగింది.

"ఏస్తన్నాదే."

"మొదట్లో అలాగే ఉంటాది" అంది హైమ, తన గిన్నె కడుక్కోవడానికి లేస్తూ. "రేపు కూడా కూచుంతావా?"

"కూచుంతాను" అంది కన్యాకుమారి. గిన్నె అడుగున ఉన్న పేరు మీద అంటుకున్న చివరి మెతుకును వేలితో తీసి నోట్లో వేసుకుంది.